రుమేనియా వాయిదా

ట్రాయ్, మిషిగన్
అక్టోబరు 9, 2006

అక్కయ్యా,

ఇది ఫోనులో చెప్పాల్సిన సంగతే. కానీ ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో ఆపేస్తాను. నేను రుమేనియాలో ఉన్నన్నాళ్లూ మనం ఉత్తరాలే రాసుకున్నాం. ఇదీ అలాగే చెబితే సరిగ్గా ఉంటుందనిపించింది. చదవగానే ఫోన్ తీయకు. ఒక పూట ఆగు.

శుక్రవారం పోస్ట్‌మన్ సంతకం పెట్టించుకుని ఒక లావుపాటి కవరు ఇచ్చి వెళ్లాడు. రుమేనియాలోని ప్లోయెష్టి కోర్టు నుంచి వచ్చింది. లివియు నా మీద విడాకుల దావా వేశాడు.

మీకు విడాకులు ఎప్పుడో అయిపోయాయి కదా అంటావు. నేనూ ఇన్నేళ్లుగా అదే అనుకుంటున్నాను.

ఇక్కడ ఒక లాయరుని కలిశాను. మొదటి నుంచీ వరసగా చెప్పమంది. చెబుతుంటే అది నా కథలా లేదు, ఎవరిదో ఫైలు చదువుతున్నట్టుంది. చమురు ఇంజనీరింగ్ చదవడానికి స్కాలర్‌షిప్ మీద ప్లోయెష్టి వెళ్లాను. తరగతిలో లివియు పరిచయమయ్యాడు. విదేశీయురాలిని పెళ్లాడాలంటే వాళ్ల ప్రభుత్వం పైనుంచి అనుమతి ఇవ్వాలి. దానికే రెండేళ్లు తిరిగాం. పెళ్లయిన ఏడాదికి నా వీసా అయిపోయింది, అతనికి పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. నేను రాజమండ్రి వచ్చేశాను. కొన్నాళ్లు ఎదురుచూసి ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చాను. మా ఉత్తరాలు ఎవరో విప్పి, చదివి, అతికించాకే చేరేవి. తర్వాత అవీ తగ్గాయి. వాళ్ల ప్రభుత్వం కూలిపోయాక, 1990లో, 'కోర్టులో కాగితం పెట్టాను, ఇక నువ్వు స్వేచ్ఛగా ఉండు' అని రాశాడు. కాగితం పెట్టాడంటే పని అయిపోయిందనుకున్నాను. అదే ఆఖరి ఉత్తరం.

ఆ తర్వాత నేను ఊరు మారడంతో నా అడ్రస్ దొరక్క, నోటీసు నాకు అందక, ఆ కేసు ఏళ్ల తరబడి సాగి చివరికి మూతపడిందట. ఈ కాగితాల్లో ఉంది. అంటే చట్టం దృష్టిలో ఈరోజుకీ నేను లివియు భార్యని. అక్కడి తీర్పు వచ్చేదాకా ధర్మారావు గారిని పెళ్లి చేసుకోవడానికి వీల్లేదని లాయరు చెప్పింది.

ఆయనకి ఇంకా చెప్పలేదు. భార్య పోయిన ఏడేళ్లకి ఆ మనిషి మళ్లీ ఒక తోడు కావాలనుకున్నారు. కార్తీకంలో మీ అరోరా గుడిలో దండలు మార్చుకోమని ఇద్దరినీ ఒప్పించింది నువ్వే. మొదటి పెళ్లి ముగిసిపోయిందని ఆయనకి చెప్పాను. ముగియలేదని ఇప్పుడు ఎలా చెప్పాలో మాటలు కూడగట్టుకుంటున్నాను.

కోర్టు వాళ్లు జత చేసిన ఇంగ్లీషు అనువాదం కాపీ పంపుతున్నాను. అధ్వానంగా ఉంది. వారాంతంలో అసలు కాగితం చూసి నేనే తెలుగులో రాసి పంపుతాను. అప్పటిదాకా దాన్ని పట్టించుకోకు.

ఇక్కడ ఆకులు రాలడం మొదలైంది. మా ఆఫీసులో మనుషులూ అంతే, వారానికి ఇద్దరు ముగ్గురు ఖాళీ చేస్తున్నారు. నా సీటుకి ఇప్పటికి ఢోకా లేదు. బావగారికి నమస్కారాలు.

గిరిజ

*

అరోరా, ఇల్లినాయ్
అక్టోబరు 14, 2006

గిరిజమ్మా,

ఒక పూట ఆగమన్నావు, రెండు రోజులు ఆగాను. ఈ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. మీ బావగారు ఏమైందని అడిగితే గ్యాస్ అని చెప్పాను.

పట్టించుకోవద్దంటే ఎలాగమ్మా, చేతిలో కాగితం ఉండగా. శ్రీహర్ష చేత చదివించాను. లా చదవకపోయినా ఈ దేశంలో పుట్టినవాడు కదా, ఇంగ్లీషు వాడికి బాగా అర్థమవుతుందని. మొదటి లైనులోనే నిన్ను 'అక్యూజ్డ్' అన్నారు. అదేమిటిరా అంటే, "అమ్మా, దట్స్ ఫర్ క్రిమినల్స్, పిన్ని ఏం చేసింది?" అని వాడే నన్ను అడిగాడు. రెండో లైనులో 'ది అక్యూజ్డ్ ఈజ్ కాల్డ్ ఫర్ ది టర్మ్ ఆఫ్ 22 జనవరి' అని ఉంది. టర్మ్ అంటే జైల్లో ఉండే కాలం కాదూ? ఆ ఇరవై రెండేమిటి, నెలలా?

ఇన్నేళ్లూ నోరెత్తని మనిషి, నువ్వు స్థిరపడబోతుంటే సరిగ్గా ఇప్పుడు కేసు పెట్టాడంటే మంచి ఉద్దేశంతో కాదు. నా మాట విను. ఎక్కడా సంతకం పెట్టకు. ఆ కవరు నాది కాదని వెనక్కి పంపెయ్. అందలేదంటే వాళ్లేం చేస్తారు? ఓ నెల సెలవు పెట్టి మా ఇంటికి వచ్చెయ్.

ఇంకో మాట. నిన్న ధర్మారావు గారికి ఫోన్ చేశాను. ఈపాటికి నువ్వు చెప్పి ఉంటావనుకున్నాను, అక్కడే పొరపడ్డాను. నేనేమీ పెద్దగా చెప్పలేదు. రుమేనియా నుంచి మొదటి భర్త కోర్టు ద్వారా రమ్మని కబురు పెట్టాడు, గిరిజ బెంగగా ఉంది, ఓసారి కనిపెట్టుకోండి అన్నాను. ఆయన అలాగేనండి అన్నారు. ఇంకేమీ అడగలేదు. మంచి మనిషి.

మొదటి మంచు పడకముందే గోంగూర అంతా కోసేశాను. పచ్చడి నీకూ ఒక సీసా ఉంది. వచ్చినప్పుడు తీసుకువెళుదువుగాని.

నీ గురించే దేవుడి దగ్గర కూర్చుంటున్న
అక్కయ్య

*

ట్రాయ్
అక్టోబరు 19, 2006

అక్కయ్యకి,

ముందు నీ గుండె కుదుట పడాలి. నేను ఏ నేరమూ చేయలేదు. జైలూ లేదు. ఆ అనువాదం చేసినవాళ్లకి ఇంగ్లీషు అంతంత మాత్రం, అంతే. శ్రీహర్షకి కూడా చెప్పు, పాపం వాడు పిన్ని గురించి ఏమనుకుంటున్నాడో.

వాళ్లు 'అక్యూజ్డ్' అని రాసినచోట రుమేనియన్‌లో ఉన్న మాట 'పిరితా'. బళ్లో పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు మాస్టారికి చెబుతారు చూడు, ఆ చెప్పడంలోంచి పుట్టిన మాట అది. ఎవరి మీద చెప్పారో ఆవిడ పిరితా. కానీ కోర్టులో ఆ మాటకి ఆ కోపం ఎప్పుడో పోయింది. మన కోర్టుల్లో ప్రతివాది అంటారే, అది. ముందు కాగితం పెట్టినవాళ్లు వాది, రెండోవాళ్లు ప్రతివాది. నేను ముందు పెట్టి ఉంటే అతను ప్రతివాది అయ్యేవాడు.

'టర్మ్' అన్నది 'తెర్మెన్'. నాన్న పొలం దావా కోసం కాకినాడ వెళ్లి వచ్చేవారు, గుర్తుందా? ఈసారి ఎప్పుడని అమ్మ అడిగితే, ఫలానా రోజున వాయిదా అనేవారు. ఆ వాయిదా. జనవరి ఇరవై రెండున వాయిదా ఉంది, రావచ్చు, లేదా లాయరుని పంపవచ్చు అని రాశారు. ఇంగ్లీషులోకి వెళ్లి అది నిన్ను అంత భయపెట్టింది కానీ తెలుగులో దానికి మన ఇంట్లో వాడిన మాటే ఉంది.

దావా పేరు దగ్గర మాత్రం నేను కాసేపు ఆగిపోయాను. డివోర్స్ అన్న మాట వాళ్లకీ ఉంది. కానీ ఈ కాగితంలో 'దెస్ఫాచెరియా' అని రాశారు. పార్సిల్ తాడు విప్పినా, మూట విప్పినా వాళ్లు వాడే మాటే అది. పెళ్లి తెంచమని కాదు, విప్పమని అడిగాడు. వంటింట్లో నిలబడి ఆ పేజీ పైకి చదివాను. మొదటి రెండు లైన్లకి నాలుక తిరగలేదు, తర్వాత దానంతటదే వచ్చింది. ఎవరితోనూ మాట్లాడే అవసరం లేక నాలోనే ఉండిపోయిన భాష. అది పోలేదని తెలిసి, ఎందుకో తెలియదు, సంతోషం వేసింది.

సంతకం ఆరోజే పెట్టేశాను. పెట్టకపోతే మంచిదని నువ్వన్నావు. అది ఒప్పుకోలు కాదు, అక్కయ్యా. కాగితం నా చేతికి అందింది అని చెప్పడం మాత్రమే. అది అందకే కదా అప్పటి కేసు మూతపడింది.

ధర్మారావు గారికి నువ్వు ఫోన్ చేయకుండా ఉంటే బాగుండేది. నీ మీద కోపం కాదు. ఆదివారాలు పొద్దున్నే వచ్చి కాఫీ తాగి, ఇద్దరం కూరగాయలకి వెళ్లే అలవాటు. ఈ ఆదివారం రాలేదు. నేను ఫోన్ చేస్తే మర్యాదగా, పొడిపొడిగా మాట్లాడారు. "మీకు తీరిక కావాలి కదండీ, మీరు ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించుకోవాల్సింది నేనా, ఆయనా? ఆయన తప్పుకుంటున్నారనే నాకనిపిస్తోంది. ఇల్లంతా ఊడ్చి, తుడిచి, అలమార్లు సర్దాను. ఇంకేం చేయాలో తోచలేదు.

దీపావళికి నీ ఇంట్లో దీపాలు పెట్టేటప్పుడు నా పేరున ఒకటి పెట్టు.

నీ చెల్లెలు

*

అరోరా
అక్టోబరు 24, 2006

గిరిజా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వాయిదా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. శ్రీహర్ష సారీ చెప్పమన్నాడు.

నీ పేరున దీపం పెట్టాను. ధర్మారావు గారి పేరున కూడా పెట్టాను, నువ్వేమన్నా అనుకో. ఆయనకి ఫోన్ చేసి నేనే సర్దిచెబుతానన్నాను. మీ బావగారు ఫోను నా చేతిలోంచి తీసుకుని పైన పెట్టారు. ఈసారి ఆయన మాటే విన్నాను.

పెద్దదాన్నై ఉండి నీకు చిక్కు తెచ్చిపెట్టాను. నాకు నిద్ర పట్టడం లేదు. ఏదైనా తెలిస్తే ఒక్క ముక్క రాయి.

అక్కయ్య

*

ట్రాయ్
నవంబరు 12, 2006

అక్కయ్యా,

ఒక్క ముక్క రాయమన్నావు. ఇది ఒక్క ముక్కతో అయ్యేది కాదు. కాఫీ కలుపుకుని కూర్చో.

పోయిన ఆదివారం ధర్మారావు గారు వచ్చారు. చేతిలో నా పాత కూరల డబ్బాలు రెండు, కడిగి తుడిచి తెచ్చారు. అవి చూడగానే, ఇక లెక్కలు తేల్చుకోవడానికి వచ్చారనుకున్నాను. కూర్చోమన్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "ఎప్పుడు వెళుతున్నారు?" అని అడిగారు.

ఎక్కడికి అన్నాను.

"రుమేనియాకి. ఆయన కాపురానికి రమ్మని నోటీసు పంపారని పద్మజ గారు చెప్పారు కదా. అన్నేళ్ల తర్వాత కూడా పిలిచారంటే... నేను మధ్యలో ఉండి మీ మనసు అటూ ఇటూ చేయకూడదని రాలేదండీ."

నువ్వు చెప్పిందీ తప్పు కాదు. కోర్టు ద్వారా రమ్మని కబురు పెట్టాడు అన్నావు. మన వైపు మొగుడు పెళ్లానికి కోర్టు నుంచి నోటీసు పంపాడంటే సగం సార్లు అది కాపురానికి రమ్మనే కదా. ఆయన మేనత్త కూతురికి అలాగే వచ్చిందట. అందుకని అదే అనుకున్నారు. మూడు వారాలు ఒక్కరే ఉండి, నన్ను పంపించేయడానికి మనసు గట్టి చేసుకున్నారు. నేనేమో ఆయన తప్పుకున్నారనుకుని అలమార్లు సర్దుకుంటూ కూర్చున్నాను.

అసలు కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టి, వరసగా తెలుగులో చెబుతూ వెళ్లాను. విప్పడం అన్న మాట దగ్గర ఆయన నన్ను ఆపి, మళ్లీ చెప్పమన్నారు. అంతా అయ్యాక, "ఆయనతో మాట్లాడారా?" అని అడిగారు. లేదన్నాను. "ఫోన్ చేయండి. ఆ మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోకుండా పెళ్లి పీటల మీద కూర్చుంటే మీకు స్థిమితంగా ఉండదు. నేను లోపల కాఫీ పెడతాను" అని లేచారు.

దావా కాగితం మీద లివియు నంబరు ఉంది. చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది. నా పేరు చెప్పగానే, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం, పెట్టేయకండి" అంది. తర్వాత లివియు గొంతు. ముసలిగొంతు అయింది. అందిందా అని అడిగాడు. అందిందన్నాను.

ఫోను ఎత్తినావిడ పేరు దోయిన. పన్నెండేళ్లుగా ఇద్దరూ కలిసి ఉంటున్నారు. ఇప్పుడు ఆవిడకి ఆరోగ్యం బాగుండడం లేదు. చట్టప్రకారం భార్య కాకపోతే రేపు ఆసుపత్రిలో అతని మాట చెల్లదు. అందుకని దావా వేయాలనుకున్నాడు. లాయరు దగ్గరికి వెళితే ఒక సులువు దారి చెప్పిందట. ఎంత వెతికినా ప్రతివాది ఆచూకీ తెలియలేదని రాసి సంతకం పెట్టు, నోటీసు కోర్టు తలుపుకి అంటిస్తారు, పేపర్లో ఒక ప్రకటన వేస్తారు, చట్టం దృష్టిలో ఆమెకి తెలిసినట్టే, కొద్ది నెలల్లో తీర్పు వస్తుంది అని. మన దగ్గరా ఉంది కదా ఆ పద్ధతి.

లివియు సంతకం పెట్టలేదట. ఎందుకు పెట్టలేదని నేనే అడిగాను.

"నీ పేరు ఆ తలుపు మీద ఉంటే దారినపోయే ప్రతివాడూ చదువుతాడు, నువ్వు తప్ప. మన పెళ్లికి అనుమతి కోసం ఇద్దరం కలిసి తిరిగాం గిరిజా. అది నీకు తెలియకుండానే ముగిసిపోతే ఎలా?" అన్నాడు.

దోయిన కూడా అంతే అందట. ఆవిడకి తెలియకుండా ఆవిడ స్థానంలోకి నేను రాను, ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు అని.

ఆ తర్వాత ఒక ఏడాదికి పైగా వెతికాడు. మా తరగతి వాళ్లందరికీ రాశాడు. సిరియాలో ఒకడు, క్యూబాలో ఒకడు. చివరికి మాతో చదివిన హైదరాబాద్ అబ్బాయి ఒకతను ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు, అతను నన్ను హ్యూస్టన్‌లో ఏదో సదస్సులో చూశానని, మిషిగన్‌లో ఉంటున్నట్టు గుర్తని చెప్పాడట. అక్కడి నుంచి పట్టుకున్నాడు.

నేను ధర్మారావు గారి సంగతి చెప్పాను. లివియు నవ్వి, ఆయన అన్నం తింటాడా, బంగాళాదుంపలా అని అడిగాడు. నేనూ నవ్వాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ భాషలో నవ్వాను.

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. కాఫీ చల్లారిపోయింది. ధర్మారావు గారికి అంతా చెప్పాను. ఆయన విని, గిన్నె మళ్లీ పొయ్యి మీద పెడుతూ, "అలాంటి మనిషితో మీరు బతికారు. నాకు ఇప్పుడు ధైర్యంగా ఉంది" అన్నారు. ఆ మాటకి అర్థం నేను విడమరిచి అడగలేదు. ఆరోజు సాయంత్రం కూరగాయలకి వెళ్లాం.

నువ్వు ఫోన్ చేసినందుకు నాకు ఇప్పుడు ఏ బాధా లేదు. నువ్వు చేయకపోతే ఆయన ఎలాంటివారో నాకు ఇంత తెలిసేది కాదు. ఇక నిద్రపో.

లివియు లాయరు పంపిన ఇంగ్లీషు ఫ్యాక్స్ ఒకటి జత చేస్తున్నాను. నాకు చూడడానికి టైం దొరకలేదు, ఫైలులో ఉంచు.

చాలా తేలికపడ్డ
గిరిజ

*

అరోరా
నవంబరు 24, 2006

నా బంగారు తల్లికి,

శుభం. ఇంత మంచి వార్తని నువ్వు ఫైలులో ఉంచమన్నావేమిటే? ఫ్యాక్స్ చదివాను. 'ద ప్రొసీజర్ విత్ ద అక్యూజ్డ్ ఈజ్ ఫుల్‌ఫిల్డ్' అని ఎంత స్పష్టంగా రాశారు. అక్యూజ్డ్ అంటే నువ్వేనని ఇప్పుడు నాకు తెలుసు కదా. నీతో జరగాల్సిన ప్రొసీజర్ అంతా పూర్తయింది. జనవరి దాకా కూడా ఆగక్కరలేకుండా ముడి విప్పేశారు.

నిన్న థ్యాంక్స్‌గివింగ్‌కి అందరూ ఇంట్లోనే ఉన్నారు. అందరికీ చెప్పేశాను. కార్తీకం దాటినా మార్గశిరం ఉంది. ఆ తర్వాత పుష్యమాసం, పనికిరాదు. గుడిలో పూజారి గారిని అడిగితే డిసెంబరు పదో తారీకు ఆదివారం బాగుందన్నారు. చిన్న హాలు మాట్లాడేశాను. పులిహోర, బూరెలు నేను చేస్తాను, మిగతావి గుడి క్యాంటీన్ వాళ్లు. ధర్మారావు గారికి మాత్రం ఫోన్ చేయలేదు, చూశావా, బుద్ధి వచ్చింది. ఆయనకి నువ్వే చెప్పుకో.

ఆ లివియు ఫోనులో అన్న మాటలు మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను మొదట అతని మీద అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

చీర ఆకుపచ్చదా, మామిడిపండు రంగుదా, వెంటనే చెప్పు.

అక్కయ్య

*

ట్రాయ్
నవంబరు 28, 2006

అక్కయ్యా,

హాలు వద్దని చెప్పెయ్. బూరెలకి పప్పు నానబెట్టకు.

ముడి ఇంకా విప్పలేదు. ఆ వాక్యంలో 'ప్రొసీజర్' అంటే నోటీసు అందించే పద్ధతి, అంతే. నేను సంతకం పెట్టిన కార్డు వాళ్లకి తిరిగి చేరింది. ప్రతివాదికి నోటీసు సరిగ్గా అందింది, ఇక విచారణ మొదలుపెట్టవచ్చు అని దాని అర్థం. నువ్వు చివరిది అనుకున్నది మొదటి మెట్టు. తప్పు నాదే, ఫ్యాక్స్ చదవకుండా పంపాను. ఇకనుంచి తెలుగు చేయకుండా నీకు ఒక్క కాగితం కూడా పంపను.

ధర్మారావు గారికి చెబితే ఆయన చాలాసేపు నవ్వి, "పద్మజ గారు మనల్ని డిసెంబరులో జైల్లో వేయించేలా ఉన్నారు" అన్నారు. కానీ నువ్వు అంత ఆత్రంగా హాలు మాట్లాడావని తెలిసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన వైపు అలా ఆత్రపడేవాళ్లు ఎవరూ లేరు, అక్కయ్యా. ఆయనే స్వయంగా ఫోన్ చేసి నీకు కృతజ్ఞతలు చెబుతానన్నారు. చేస్తే జాగ్రత్తగా మాట్లాడు.

నాకు ఏ అభ్యంతరమూ లేదని నోటరీ ముందు సంతకం చేసి పంపుతున్నాను. రుమేనియన్‌లో నేనే రాశాను. నా భాష కాస్త పాతబడిందని, అయినా బాగుందని అక్కడి లాయరు చెప్పిందట.

మామిడిపండు రంగు.

గిరిజ

*

ట్రాయ్
జనవరి 23, 2007

అక్కయ్యా,

నిన్న వాయిదా జరిగింది. కోర్టు వరండాలోంచే లివియు ఫోన్ చేశాడు. వెనకాల ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు, అతను దాదాపు అరుస్తున్నాడు.

జడ్జి ఆవిడ ముందుగా అడిగింది, రెండో పక్షానికి తెలుసా అని. తెలుసని చెప్పి, నేను రాసిన కాగితం చూపించారు. అది పైకి చదివించిందట. తర్వాత తప్పు ఎవరిదని రాయమంటారు అని అడిగింది. అక్కడి చట్టంలో ఆ ప్రశ్న ఉంది. లివియు "సరిహద్దుది" అన్నాడట. జడ్జి తల ఎత్తి చూసి, "అది రాయడానికి ఇందులో చోటు లేదండీ, కానీ నాకు అర్థమైంది" అని, ఎవరి తప్పూ రాయకుండా పెళ్లి విప్పేసింది.

అప్పీలు గడువు దాటాక తీర్పు ఖాయమవుతుంది. నువ్వు హాలు ఉగాది తర్వాత మాట్లాడుకోవచ్చు. ఈసారి నిజంగానే.

ఫోను పెట్టేముందు నేను లివియుకి థాంక్స్ చెప్పాను. దేనికి అన్నాడు. చాలా ఉన్నాయి, వరస గుర్తులేదన్నాను. అతనూ అదే అన్నాడు. దోయినకి వచ్చే వారం ఆపరేషన్. దానికి ముందు పెళ్లి కుదరదు, అయినా ఇప్పుడు ఆవిడ కంగారు తగ్గిందట. ఆవిడ పేరున కూడా గుడిలో అర్చన చేయించు.

నిన్నంతా మంచు కురుస్తూనే ఉంది. ధర్మారావు గారు వచ్చి మా వాకిలి ముందు మంచు ఎత్తిపోశారు. నేను లోపల ఏడుస్తున్నానని ఆయనకి తెలుసు. తలుపు కొట్టలేదు, తొందరపడలేదు. నేను బయటికి వచ్చేదాకా పార పట్టుకుని పని చేస్తూనే ఉన్నారు.

నీ గిరిజ

*

అరోరా
ఏప్రిల్ 17, 2007

గిరిజా,

మీరిద్దరూ క్షేమంగా చేరారని ధర్మారావు గారు ఫోన్ చేశారు. మరిది అయ్యాక కూడా నన్ను పద్మజ గారూ అనే అంటున్నారు, వదినా అనమని చెప్పు.

కింద ఉన్నది నీకు కాదు. దీన్ని రుమేనియన్‌లో రాసి పంపు. నాకోసం ఇన్నాళ్లూ అటునుంచి ఇటు తెచ్చావు, ఇది ఇటునుంచి అటు చేర్చు. ఒక్క ముక్క కూడా బాగు చేయకు.

లివియు మరిది గారికి,

నేను గిరిజ అక్కయ్యని. మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి అల్లుడై ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా మిమ్మల్ని ఈ వరసతో పిలవలేదు. ఆ రుమేనియా అబ్బాయి అనే అనేవాళ్లం. ఇప్పుడు ఆ వరస పోయాక పిలుస్తున్నాను. ఏమీ అనుకోకండి.

ఆదివారం మా గుడిలో గిరిజ పెళ్లి జరిగింది. పెళ్లి భోజనాలయ్యాక మేమిద్దరం కూర్చుని అమ్మ గురించి మాట్లాడుకున్నాం. అప్పుడు తను చెప్పింది. మా అమ్మ పోయినప్పుడు గిరిజ మీ దేశంలో ఉంది. టెలిగ్రామ్ ఇచ్చింది నేను. రాజమండ్రి పోస్టాఫీసులో ఆ నాలుగు మాటలు రాసి ఇచ్చి, ఈ కాగితం ఎవరు అందుకుంటారో, పరాయిదేశంలో మా పిల్లకి ఎవరు ఎలా చెబుతారో అని అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఎన్నో ఏళ్లపాటు ఆ ఊహ నన్ను వదల్లేదు. తను ఒక్కతే గుమ్మంలో నిలబడి అది చదువుకున్నట్టే అనుకునేదాన్ని. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అది మీరు అందుకున్నారట. తన చేతికి ఇవ్వలేదట. ముందు అన్నం వండి తినిపించి, పక్కన కూర్చుని, మీ నోటితో చెప్పారట. అమ్మ అన్న మాట తెలుగులోనే అన్నారట.

ఇది నాకు మొన్ననే తెలిసింది. మీకు నేను ఏమివ్వగలను? మీ దోయిన గారికి నయమైందని విన్నాను. ఇద్దరూ చల్లగా ఉండండి. ఎప్పుడైనా ఈ దేశం వస్తే మా ఇంటికి రండి. అన్నం పెడతాను.

మీ వదిన
పద్మజ